ఉచిత పక్షివిజ్ఞానం: మెట్టప్రాంతపు బడికి ఎంతవరకు ఉపయోగం?

దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన పల్లెలలో నమ్మకం. ఆ సాయంకాలం ఊరి పొలిమేరకు పోయి జమ్మిచెట్టును పూజించడం, ఆ ఆకును పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టడం మన ఆచారం. తెలంగాణ ప్రభుత్వం 2014లో ఈ పక్షినే రాష్ట్రపక్షిగాను, ఈ చెట్టునే రాష్ట్రవృక్షంగాను ప్రకటించింది. ఇంత పరిచయమున్న పాలపిట్టను గురించి ఉన్నత పాఠశాల విద్యార్థిని రెండు ప్రశ్నలు అడిగి చూడండి. అది ఏమి తింటుంది? గూడు ఎక్కడ పెడుతుంది? పాలకూ దానికీ సంబంధం లేదనీ, మిడతలు, పెద్ద పురుగులు, బల్లులు, చిన్న కప్పలు దాని ఆహారమనీ, చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుందనీ చెప్పగలవారు తరగతికి ఒకరిద్దరు ఉంటే గొప్ప.

ఈ లోపం పిల్లలది కాదు. ఎడారి పాఠమనగానే ఒంటె, ధ్రువప్రాంతమనగానే పెంగ్విన్ మనకు గుర్తుకు వస్తవి. చెరువుకట్ట మీది పక్షికి పాఠంలో చోటు దొరకడం అరుదు. ఒకప్పుడు ఉపాధ్యాయునికి ఒక సాకు ఉండేది: పక్షుల పుస్తకాలు ఖరీదైనవి, అవి పట్టణపు గ్రంథాలయం దాటి రావు అని. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. పక్షుల బొమ్మలు, కూతలు, పటాలు, నూరేళ్లనాటి గ్రంథాలు, అన్నీ అంతర్జాలంలో ఉచితంగా ఉన్నవి. చేతిలో ఫోను ఉంటే చాలును.

ఉచితంగా దొరికినదెల్ల ఉపయోగపడుతుందని అనుకోరాదు. ఈ సాధనాలలో ముఖ్యమైనవాటిని పెన్‌పహాడ్ మండలపు మెట్టచేలలో, గుట్టలలో, చెరువుకట్టల మీద వాడి చూచి, అవి మన బడులకు ఏమి ఇస్తున్నవి, ఏమి ఇవ్వలేకున్నవి అనేది విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మెట్టనేల, ఎడారి

మొదట ఒక సందేహం తీర్చవలెను. సూర్యాపేట జిల్లాలో ఎడారి ఎక్కడిది? లేదు. సాలుకు సుమారు 250 మిల్లీమీటర్లకు మించి వాన పడని నేలను ఎడారి అనడం వాడుక. మనకు పడే వాన అంతకంటె చాలా ఎక్కువ. కాని మన వాన దాదాపుగా నాలుగు నెలలలోనే ముగుస్తుంది. తక్కిన కాలమంతా రాతినేల, పల్చని గడ్డి, ముళ్లపొదలు, మండే ఎండ. కాలువనీరు పారే మిర్యాలగూడ, కోదాడ వైపు వరిపొలాలను వదలి నీరెక్కని ఎత్తు నేలలకు వస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. అట్టి చోట బ్రతికే జీవికి ఎదురయ్యే చిక్కులు ఎడారి జీవికి ఎదురయ్యేవే: వేడి, నీటి కొరత, దాగుకొనడానికి చాటు లేకపోవడం.

మన జమ్మిచెట్టే ఇందుకు సాక్షి. రాజస్థాన్‌లో దీనిని ఖేజ్రీ అంటారు. అక్కడ కూడ ఇదే రాష్ట్రవృక్షం. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనీయక అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. థార్ ఎడారి ప్రజలు ప్రాణంగా చూచుకొన్న చెట్టు, మనం దసరానాడు మొక్కే చెట్టు ఒక్కటే.

పక్షులలో ఇంతకంటె చక్కని పోలిక ఉన్నది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాండ్‌గ్రౌజ్ అనే పక్షి నీటికోసం చాలా దూరం పోతుంది. మగపక్షి నీటిలో దిగి పొట్టమీది ఈకలను తడుపుకొని ఎగిరి వచ్చి, పిల్లలకు ఆ ఈకలనుండి నీరు పీల్చుకోనిస్తుంది. 1896లోనే మీడ్-వాల్డో అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఈ సంగతి రాస్తే చాలమంది నమ్మలేదు. కేడ్, మెక్లీన్ అనే శాస్త్రజ్ఞులు 1967లో దీనిని నిరూపించారు. ఆ ఈకల సన్నని పోగులు చుట్టలు చుట్టుకొని ఉండి, తడిసినప్పుడు విచ్చుకొని నీటిని పట్టి ఉంచుతవి. ఈ పక్షి కుటుంబానికి చెందినవి మన దక్కను మెట్టలలోనూ ఉన్నవి.

శాండ్‌గ్రౌజ్ కనబడకపోయినా విచారం లేదు. మన చెరువుల పక్కన అరిచే తీతువు పిట్టను వేసవిలో గమనించండి. అది చాటు లేని నేలమీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మచ్చల వలన ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోతవి. ఎండ ముదిరినప్పుడు తీతువు నీటిలో పొట్టను తడుపుకొని వచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. నీరు ఆవిరి అవుతూ వేడిని తీసుకొనిపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. భౌతికశాస్త్రపు పాఠం, ఎడారి జీవశాస్త్రపు పాఠం రెండూ బడి పక్క చెరువుగట్టు మీద సిద్ధంగా ఉన్నవి. మన సాధనాలు విద్యార్థిని ఈ దృశ్యం దగ్గరకు తీసుకొనిపోతవా, లేక ఫోను దగ్గరే నిలిపివేస్తవా? ఈ విమర్శకు గీటురాయి అదే.

లభిస్తున్న సాధనాలు

వీటిలో మొదట చెప్పదగినది మెర్లిన్. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల దీనిని 2014లో వెలువరించింది. పక్షి పరిమాణం, రంగు, చేస్తున్న పని, చూచిన చోటు, తేదీ చెబితే అది కొన్ని పేర్లు సూచిస్తుంది. ఫోటో చూపితే పోల్చి చెబుతుంది. 2021 నుండి కూతను విని చెప్పే శక్తి కూడ చేరింది. మన దేశపు పక్షుల సమాచారాన్ని ఒకసారి ఫోనులోకి దించుకొంటే ఆ తరువాత అంతర్జాలం లేని చోట కూడ పనిచేస్తుంది. మెట్టచేలలో తిరిగేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఆ ప్రయోగశాలే ఆడుబాన్ సంఘంతో కలిసి 2002లో ఈ-బర్డ్‌ను ప్రారంభించింది. ఇది చూచిన పక్షుల జాబితాలను దాచే భాండాగారం. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఏ పక్షులు, ఎన్ని అనేవి రాసి పంపవచ్చును. అసాధారణమైన నమోదులను యంత్రం పట్టి చూపితే, ఆయా ప్రాంతాల స్వచ్ఛంద పరిశీలకులు సరిచూస్తారు. మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా అనే సంఘాల కూటమి ఈ పనిని ప్రోత్సహిస్తున్నది.

పక్షికూతలకు నెదర్లాండ్స్‌లో 2005లో పుట్టిన జెనో-కాంటో ఉన్నది. లోకమంతటినుండి ఔత్సాహికులు పంపిన కూతలను ఎవరైనా వినవచ్చును. ఒకే పక్షి పాట, భయపు అరుపు, పిల్లల పిలుపు వేరువేరుగా ఉండడం విద్యార్థికి చెవిద్వారా తెలుస్తుంది. పక్షులకే పరిమితం కాక పురుగులను, మొక్కలను, పాములను కూడ గుర్తింపదలచినవారికి ఐ-నేచురలిస్ట్ ఉన్నది. 2008లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎం.ఏ. స్థాయి పనిగా ప్రారంభించిన ఈ సాధనం నేడు ప్రపంచమంతటా వ్యాపించింది. మనదేశంలోనే తయారైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉన్నది. చెట్లు చిగిర్చే, పూచే, కాచే కాలాలను నమోదు చేయడానికి సీజన్‌వాచ్ ఉన్నది. చిన్నపిల్లలకోసం నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వారి ఎర్లీ బర్డ్ కార్యక్రమం అనేక భారతీయ భాషలలో ఉచితపత్రాలను వెలువరిస్తున్నది. 2003 చివర మొదలైన తెలుగు వికీపీడియాలోనూ పక్షులపై వ్యాసాలు ఉన్నవి.

ఈ పట్టిక చూస్తే కొరత ఏమిటా అనిపిస్తుంది. కొరత సాధనాల సంఖ్యలో లేదు. మనం వాటిని వాడే తీరులోనూ, వాటి కళ్లకు ఆనని మన నేలలోనూ ఉన్నది.

పేరు తెలిసినంతమాత్రాన

ఒక ఉదయం మా విద్యార్థులతో ఒక చెరువుకట్టమీద నిలిచి ఉండగా, ఒక అబ్బాయి కూతను గుర్తించే యాప్‌ను తెరచి పట్టుకొన్నాడు. రెండు క్షణాలలో తెరమీద డేగ బొమ్మ వెలిగింది. పిల్లలందరూ ఆకాశంలోకి చూచారు. డేగ లేదు. కరెంటు తీగమీద మాత్రం చీలిన తోకతో ఒక నల్లని పిట్ట ఉన్నది. అదే పసుల పోలిగాడు. మళ్లీ అరిచినప్పుడు దాని ముక్కు కదలడం అందరం చూచాము. పసుల పోలిగాడు డేగ కూతను అనుకరించగలదు. ఆ కూత విని గోరింకలు బెదిరి ఎగిరిపోతే, అవి వదలిన ఆహారాన్ని తాను కాజేస్తుందని పక్షిశాస్త్రజ్ఞులు నమోదు చేసి ఉన్నారు.

యంత్రం పొరపడిందని దానిని నిందించి లాభం లేదు. అది ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే ఆశ్చర్యం కూడ కలగదు. వచ్చిన శబ్దాన్ని అది ఒక చిత్రంగా మారుస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్వరపు హెచ్చుతగ్గులు. ఆ చిత్రాన్ని తాను ముందు నేర్చిన వేలకొలది చిత్రాలతో పోల్చి దేనికి దగ్గరగా ఉన్నదో చెబుతుంది. డేగ కూతవలె వినిపించిన శబ్దానికి డేగ అనే చెప్పింది. ఆ శబ్దం చేసినవాడు ఎవడు అనేది కన్ను తేల్చవలసిన సంగతి.

ఇట్టి ఉపకరణాలు ఇచ్చేది సూచన మాత్రమే, రుజువు కాదు. వీటిని తయారుచేసినవారూ కంటితో చూచి నిర్ధారించుకొమ్మనే చెబుతారు. కాని బొమ్మతో, పేరుతో తెరమీద వెలిగిన జవాబుకు ఒక అధికారం వచ్చినట్లు తోస్తుంది. విద్యార్థి దానితో తృప్తిపడి ముందుకు నడుస్తాడు. ఆ రోజు మేము యాప్ మాటే నమ్మి ఉంటే ఒక డేగను జాబితాలో రాసుకొని, పసుల పోలిగాని దొంగతనాన్ని తెలుసుకోకుండానే తిరిగి వచ్చేవాళ్లం.

ఐ-నేచురలిస్ట్‌లోనూ ఇట్టి జాగ్రత్తే కావలెను. ఫోటో, తేదీ, స్థలం ఉన్న ఒక పరిశీలనను గుర్తించినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే పేరుకు అంగీకరిస్తే దానికి పరిశోధన స్థాయి అనే ముద్ర పడుతుంది. పద్ధతి మంచిదే. చాలసార్లు సరైన జవాబే వస్తుంది. కాని తరచుగా ఇద్దరు అంగీకరిస్తే చాలు. ఆ ఇద్దరూ ఒకే పొరపాటు చేయవచ్చును. విజ్ఞానశాస్త్రంలో ఓట్లకంటె ఆధారం ముఖ్యమని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి సందర్భం. ఏ గుర్తు చూచి ఈ పేరు పెట్టావని ఉపాధ్యాయుడు అడగవలెను. జవాబు చెప్పలేని పేరును నోటుపుస్తకంలో రాయనీయరాదు.

పేర్లు, భాష

ఈ సాధనాలలో వివరణలు ప్రధానంగా ఇంగ్లీషులోనే ఉన్నవి. పెన్‌పహాడ్‌లో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి మొదటి అడ్డంకి ఇదే. అతనికి తెలిసిన పక్షికి అతనికి తెలియని పేరు చెబితే, తెలిసిన పక్షి కూడ పరాయిదవుతుంది.

పసుల పోలిగాడు అనే పేరునే చూడండి. పశువుల వెంట తిరుగుతూ, వాటి కాళ్లకు బెదిరి లేచే పురుగులను పట్టి తినే పిట్ట ఇది. ఆ పేరు పెట్టినవారు పశువులు కాచిన మనుషులు. వారి పరిశీలన పేరులోనే నిలిచి ఉన్నది. బ్లాక్ డ్రాంగో అనే ఇంగ్లీషు పేరు దాని రంగును మాత్రం చెబుతుంది. అందుచేత తెలుగు పేర్లను సేకరించడం భాషాభిమానంతో మాత్రమే చేసే పని కాదు. అది పక్షి ప్రవర్తనను సేకరించే పని కూడ.

ఈ సంగతిని మనకంటె ముందు గ్రహించినవాడు థామస్ జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు. మద్రాసు రాజధానిలో పనిచేసి, నెల్లూరులో కొంతకాలమున్న ఈయన 1862-64 మధ్య భారతదేశపు పక్షులను గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందులో ఇంగ్లీషు, శాస్త్రీయ నామాలతో పాటు హిందీ, తమిళం, తెలుగు మొదలైన భాషల పేర్లను కూడ తనకు దొరికినంతవరకు ఇచ్చాడు. ఆ గ్రంథం నేడు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా చదువుకోవచ్చును. నూట అరవై ఏండ్లనాడు పక్షి పేరు పక్కన తెలుగు పేరు రాయడం అవసరమని ఒక విదేశీయునికి తోచింది. నేటి సాధనాలలో ఆ అవసరం ఇంకా పూర్తిగా తీరలేదు.

అయితే తెలుగు పేర్లతో ఒక చిక్కు కూడ ఉన్నది. పాత నిఘంటువులలో కౌజు అంటే పొదలలో తిరిగే ఒక అడవి పక్షి. పూరేడు అంటే అంతకంటె చిన్నదైన వేరొక పక్షి. ఇప్పుడు కోళ్లఫారాల దగ్గర కౌజుపిట్టలని అమ్మేవి జపాన్ పూరేళ్లు. ఒకే పేరు రెండు పక్షులకు వాడుకలో ఉంటే, విద్యార్థి రాసిన కౌజు ఏదో మనకు తెలియదు. అందుకే శాస్త్రీయ నామం అవసరం. ఊరి పేరు, శాస్త్రీయ నామం రెండూ పక్కపక్కన రాసే అలవాటు చేస్తే రెండింటి మేలూ దక్కుతుంది.

పటంలో ఖాళీలు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయానికి వద్దాము. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక ఈ-బర్డ్‌లో చేరిన పరిశీలనలమీద ఆధారపడినది. 30 వేలమందికి పైగా పక్షి పరిశీలకులు పంపిన సుమారు 3 కోట్ల పరిశీలనలతో 942 జాతుల స్థితిని అంచనా కట్టారు. 178 జాతులను అత్యంత శ్రద్ధతో రక్షింపవలసినవిగా గుర్తించారు. గడ్డిభూములలో మాత్రమే బ్రతికే పక్షులు సగానికి పైగా తగ్గినవని తేలింది. ఆ నివేదికలో మన పాలపిట్ట కూడ ఉన్నది. గత పన్నెండేళ్లలో దాని సంఖ్య సుమారు 30 శాతం తగ్గినదనీ, అంతర్జాతీయంగా దాని స్థితిని మళ్లీ పరిశీలింపవలెననీ రాశారు.

ఊరూరా కనిపించే పక్షి తగ్గుతున్నదన్న సంగతి మామూలు కంటికి తెలియదు. వేలమంది ఏళ్ల తరబడి లెక్కపెట్టినందువల్లనే తెలిసింది. ఉచిత సాధనాల గొప్పతనం ఇక్కడ నిస్సంశయంగా ఒప్పుకోవలసి ఉన్నది. ఏ ప్రభుత్వ శాఖ కూడ ఇంతమంది పరిశీలకులను జీతమిచ్చి పెట్టుకోలేదు.

కాని ఈ 3 కోట్ల పరిశీలనలు దేశమంతటా సమానంగా పరచుకొని లేవు. పరిశీలకులు సెలవురోజున తమకు దగ్గరగా ఉన్న చోటికో, పక్షులు ఎక్కువగా దొరికే చోటికో పోతారు. హైదరాబాదు పరిసరాల చెరువులను గూర్చి జాబితాలు అపారంగా ఉన్నవి. పెన్‌పహాడ్ వంటి మండలాల పత్తిచేలను, కందిచేలను, రాతిగుట్టలను గూర్చి అవి పలుచగా ఉన్నవి. పటంమీద ఖాళీగా కనిపించే చోట పక్షులు లేవని అర్థం కాదు. చూచినవారు లేరని అర్థం. ఈ రెండింటి తేడా తెలియని విద్యార్థికి ఆ పటం తప్పుడు పాఠం చెబుతుంది.

ఈ దోషానికి మందు ఉన్నది. 2015 నుండి 2020 వరకు కేరళలో స్వచ్ఛంద పరిశీలకులు రాష్ట్రమంతటినీ చిన్నచిన్న గళ్లుగా విభజించి, ఎంపిక చేసిన ప్రతి గడికీ వానకాలంలో ఒకసారి, వానలు లేని పొడికాలంలో ఒకసారి పోయి లెక్కించారు. ఇష్టమైన చోటికి కాక చీటీలో పడిన చోటికి పోవడం అక్కడి నియమం. సుమారు 25 వేల జాబితాలతో, 3 లక్షల నమోదులతో రాష్ట్రపు పక్షిపటం తయారైంది. మన దగ్గర 1980లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం, నేటి డెక్కన్ బర్డర్స్, దీర్ఘకాలంగా ఈ రంగంలో కృషిచేస్తున్నది. కాని రాజధానిలోని సంఘం ప్రతి మెట్టచేనుకూ రాలేదు. ప్రతి మండలంలోనూ ఉన్న సంస్థ ఒక్కటే. అది బడి.

బంజరు అనే మాట

పటాల ప్రసక్తి వచ్చింది కనుక ఇంకొక ఉచిత సాధనాన్ని చూద్దాము. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం 2009లో అంతర్జాలంలో భువన్ అనే పటాల సాధనాన్ని తెచ్చింది. ఉపగ్రహం తీసిన చిత్రంలో తమ ఊరిని, చెరువును, గుట్టను పిల్లలు చూచుకోవచ్చును. భూగోళ పాఠానికి ఇంతకంటె మంచి సాధనం లేదు.

ఆ కేంద్రపు ఉపగ్రహ చిత్రాల సాయంతోనే మన దేశపు బంజరుభూముల పటాలు కూడ తయారైనవి. ఆ వర్గీకరణలో పొదలున్న నేల బంజరు, రాతినేల బంజరు, ఇసుక ఎడారి కూడ బంజరే. పంట దిగుబడి దృష్టితో చూస్తే అది సబబే కావచ్చును. పక్షి దృష్టితో చూస్తే అదే నేల ఇల్లు. 2022లో మధుసూదన్, వనక్ అనే శాస్త్రజ్ఞులు దేశంలోని పొడి ప్రాంతాలలో సహజంగా చెట్లు పలుచగా ఉండే బయలు నేలల పటాన్ని తయారుచేసి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. దేశపు విస్తీర్ణంలో సుమారు పదోవంతు ఇట్టి నేలలని వారి లెక్క. అందులో రక్షిత ప్రాంతాలుగా ఉన్నది 5 శాతం కూడ లేదు.

ఈ రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపండి. ఒకే నేలను ఒక పటం ఖాళీ అంటున్నది, రెండవది నిండు అంటున్నది. ఏది నిజమని అడగండి. జవాబు పటంలో లేదు. ఆ నేలమీదికి పోయి తీతువు గుడ్లు, శాండ్‌గ్రౌజ్ మంద, జమ్మిచెట్టు, ఉడుము కన్నం లెక్కపెట్టినవారికే తెలుస్తుంది. గడ్డిభూముల పక్షులు ఎందుకు సగమయినవో కూడ అప్పుడే కొంత అర్థమవుతుంది. నేలకు బంజరని పేరు పెడితే అందులో చెట్లు నాటినా, గుంటలు తవ్వినా, చెత్త పోసినా ఎవరికీ పట్టదు.

కలివికోడి చెప్పే పాఠం

గ్రంథానికీ నేలకూ ఉండవలసిన సంబంధాన్ని తెలుగునేలమీద జరిగిన ఒక ఉదంతం చక్కగా చూపుతుంది. జెర్డాన్ 1848 ప్రాంతంలో ఒక కొత్త పక్షిని కనుగొన్నాడు. సన్నని కాళ్లతో నేలమీద పరుగెత్తే ఆ నిశాచర పక్షికి ఇంగ్లీషులో ఆయన పేరే నిలిచింది. తెలుగులో అది కలివికోడి, కలివి పొదల మధ్య తిరిగేది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూచిన తరువాత దాని జాడ లేదు. పుస్తకాలలో బొమ్మ మిగిలింది, పక్షి అంతరించిందని అనుకొన్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో స్థానికుల సహాయంతో దానిని తిరిగి కనుగొన్నారు. ఆ ప్రాంతం తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

ఆ ఎనభై ఆరేళ్లూ గ్రంథాలయాలలో కలివికోడి వర్ణన ఉన్నది. అయినా కనుగొనడానికి ఆ పొదలలో తిరిగే మనుషుల కళ్లు కావలసి వచ్చినవి. 2000 తరువాత పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పరచి, పొద్దున వచ్చి అడుగుజాడలు వెదకి దాని ఉనికిని పట్టుకొన్నారు. ఓపిక, నేల పరిచయం ఆ పనిని సాధించినవి. అప్పటి గ్రంథాలయం స్థానంలో నేడు అంతర్జాలం ఉన్నది. కావలసిన కళ్లు మాత్రం అవే.

బడిలో చేయదగినది

కనుక ఉపాధ్యాయులకు నా మనవి ఇది. యాప్‌ను మొదట కాక చివర తెరవండి. విద్యార్థి ముందు పక్షిని చూచి, ఎంత పెద్దది, ముక్కు ఎట్లున్నది, ఏమి చేస్తున్నది, ఎక్కడ కూర్చున్నది అనే నాలుగు సంగతులు రాయవలెను. ఊరివారు దానిని ఏమంటారో అడిగి రాయవలెను. ఆ తరువాతనే సాధనాన్ని అడగవలెను. రెండు జవాబులూ కలవకపోతే అదే ఆ వారపు పాఠం.

రెండవది, బడికి దగ్గరలో మూడు చోట్లు ఎంచుకోండి: ఒక చెరువు, ఒక చేను, ఒక గుట్ట. వారానికి ఒకనాడు, ఒకే వేళకు, ప్రతి చోటా 15 నిమిషాలు నిలిచి కనిపించిన ప్రతి పక్షినీ లెక్కించండి. కాకిని, పిచ్చుకను విడువరాదు. ఏమీ కనిపించకపోతే సున్న అని రాయండి. సున్న కూడ ఒక కొలతే. సాలులో 30 వారాలు చేస్తే 90 జాబితాలు అవుతవి. ఫోను ఉన్న ఉపాధ్యాయుడు ఒక్కరుంటే అవి ఈ-బర్డ్‌లో చేరుతవి. లేకపోతే నోటుపుస్తకంలో ఉన్నా విలువ పోదు.

మూడవది ఒక హెచ్చరిక. ఫోనులో కూత వినిపించి పక్షులను పిలవరాదు. గుడ్లు పెట్టే కాలంలో ఆ మోసం వాటికి ప్రాణాంతకం కావచ్చును. గూటి దగ్గరకు పోయి ఫోటో తీయరాదు. అరుదైన పక్షుల స్థలాలను ఈ-బర్డ్ తానే బహిరంగపరచకుండా దాచుతున్నది. ఆ మర్యాదను మనమూ పాటించవలెను.

ఉచితమనే మాటలోనూ కొంత అతిశయోక్తి ఉన్నది. ఫోను, డేటా, కొంత ఇంగ్లీషు ఉన్నవారికే అది ఉచితం. అందుచేత బడికి ఒక్క ఫోను, ఊరికి ఒక్క జాబితా అనే పద్ధతి మేలు. ఒక్కరు తెర చూస్తే నలభై మంది చెట్టు చూడవలెను.

పాలపిట్ట దేశంలో 30 శాతం తగ్గినదని నివేదిక చెప్పింది. పెన్‌పహాడ్ మండలంలో అది తగ్గిందా, నిలిచి ఉన్నదా అని అడిగితే చెప్పగల పుస్తకం కాని, యాప్ కాని, పటం కాని నేడు లేదు. ఈ సంవత్సరం ఎనిమిదవ తరగతిలో ఉన్న పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆ నోటుపుస్తకాన్ని తమ వెనుకటి తరగతికి అప్పగిస్తూ పోతే, కొన్ని ఏండ్లకు ఆ జవాబు ఆ బడిలోనే దొరుకుతుంది.